నాయనమ్మ మెడలో రోము రాజు

పోయిన వారం కోదాడ నుంచి ఒక కుర్రాడు నా ఫోనుకు రెండు ఫోటోలు పంపాడు. పాత నాణేలు సేకరించే పిచ్చి పట్టింది అతనికి. లైసెన్సు ఉన్న ఒక వర్తకుడి దగ్గర రోము బంగారు నాణెం అమ్మకానికి వచ్చిందట. కొనమంటారా, వద్దంటారా అని అడగడానికి వెంటనే ఫోన్ కూడా చేశాడు.

"మేడమ్, చూశారా అండి? పైన చిల్లుంది. ముక్కు కూడా అరిగిపోయింది. అందుకే తక్కువకిస్తానంటున్నాడు. తీసుకోవచ్చంటారా?"

నేను సూర్యాపేటలో హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా వైపు దొరికిన రోము నాణేల వివరాలు పోగుచేయడం నా అలవాటు. నాణేలు కొనే స్తోమత నాకు ఎన్నడూ లేదు. నా దగ్గర ఉన్నవన్నీ వాటి అచ్చులు. కొన్ని లక్కవి, కొన్ని ప్లాస్టరువి. ఏది ఏ చేలో దొరికింది, ఎవరు చూశారు, తూకం ఎంత, బొమ్మ ఎటు తిరిగి ఉంది అన్నవి తేలనిదే ఏ అచ్చూ నా పెట్టెలోకి రాదు. 'సుమారు', 'దాదాపు' అనే మాటలు నాకు సరిపడవు. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ దీని మీద నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆ ఫోటోలు పెద్దవి చేసి చూసి అతనికి చెప్పాను. నాణెం మట్టిలో నాని అరిగినా, చేతులు మారి అరిగినా, జుట్టూ చెవీ చుట్టూ ఉన్న అక్షరాలూ కూడా అరగాలి. ఇందులో అవన్నీ బాగున్నాయి. ముక్కూ చెంపా మాత్రమే అరిగాయి. అంటే రోజూ ఒక వేలు సరిగ్గా అక్కడే పసుపు కుంకుమ పెట్టిందని.

"ఇది ఎవరో ఆడమనిషి మెడలో ఉండి వచ్చింది బాబూ."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారండి?"

"చూసినదాన్ని కాబట్టి."

ఫోన్ పెట్టేశాక ఆ పూట ఏ పనీ సాగలేదు.

నేను చూసింది ఏ ఏడాదో, ఏ నెలో, ఏ వారమో నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఏడాది రాస్తే మనుషులు తెలిసిపోతారు. ఊరు రాస్తే గడ్డపారలు పట్టుకుని బయలుదేరేవాళ్లుంటారు. మోతెకు అవతల, వాగు ఒడ్డున, గొర్రెలున్న ఊరు అనుకోండి. అది నాట్ల కాలం, నేను చిన్నబడిలో ఆఖరి తరగతి చదువుతున్నాను. ఈ మాత్రం చాలు.

మా ఊరికి ఉత్తరాన పాటిగడ్డ ఉండేది. ఎప్పుడో జనం బతికి పోయిన చోటు అది. ఆ మన్నుకు బలం ఎక్కువని ఎండాకాలంలో ఊరు ఊరంతా బండ్లు కట్టుకుపోయి తవ్వుకొచ్చి చేలల్లో చల్లేవారు. ఆ మన్నులో పెద్ద పెద్ద ఇటుక ముక్కలు, పెంకులు, రంగురాళ్ల పూసలు వచ్చేవి. తొలకరి వాన పడి మన్ను కడుక్కుపోయాక పిల్లలం చేల వెంట వంగి తిరిగేవాళ్లం. పూస దొరికితే దారానికి గుచ్చి మేకపిల్ల మెడలో కట్టేవాళ్లం. వాటి వయసెంతో మాకూ తెలియదు, మేకపిల్లకూ తెలియదు.

ఇంట్లో తాత, నాయనమ్మ, బాపు, అమ్మ, నేను. వానాకాలమంతా ఇల్లు తడిసిన గొంగడి వాసన వేసేది. దాని మీద పాలు కాగే వాసన, పొయ్యిలో పచ్చికట్టెల పొగ. పొద్దున జొన్నగటుక, అందులోకి చల్ల, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. గొర్రె ఈనిన ఇంట్లో జున్ను. వాన పట్టి ముసురేస్తే అమ్మ మక్కగారెలు చేసేది. మొదటి గారె ఎవరికీ పెట్టేది కాదు. దాన్ని నాయనమ్మ రెండు వేళ్లతో పట్టుకుని, పైట పక్కకు జరిపి, మెడలోని బిళ్ళకు చూపేది.

"అక్కా, గారెలు చేసిందే నీ కోడలు. ఉప్పు జర ఎక్కువైంది. ఏమనకు."

ఆ తరువాతే మాకు పెట్టేది.

ఇది మా ఇంటి పిచ్చి కాదు, మా వైపు ఆచారం. మొదటి భార్య చనిపోయి మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, రెండో భార్య పుస్తెల పక్కన పోయినామె పేరు మీద ఒక బిళ్ళ వేసుకుంటుంది. ఏ శుభమైనా ముందు ఆమెకు చెప్పాలి, కొత్తచీర ముందు ఆమెకు తాకించాలి. అలా చేయకపోతే పోయినామె అలుగుతుందంటారు. చాలా ఇళ్లలో అది చిన్న వెండి బిళ్ళ, దాని మీద గీతలతో ఒక ఆడరూపం. మా నాయనమ్మది బంగారు బిళ్ళ. దాని మీద గీతలు కాదు, నిజంగా ఒక తల ఉండేది. నున్నటి గడ్డం, సూటి ముక్కు, తల చుట్టూ ఆకుల దండ, మెడ వెనక వేలాడే ముడి.

అది ఎలా వచ్చిందో తాత చెప్పగా చాలాసార్లు విన్నాను. మొదటి భార్య పోయేనాటికి బాపు పాలు తాగే పిల్లవాడు. కొన్నేళ్లకు తాత నాయనమ్మను చేసుకున్నాడు. వచ్చిన నెలకే నాయనమ్మకు జ్వరం పట్టుకుంది, తగ్గదు. సోది చెప్పే ఆమె వచ్చి, "మెడల అక్క లేదు, అందుకే" అన్నది. బిళ్ళ చేయించడానికి ఇంట్లో చిన్నమెత్తు వెండి లేదు. ఆ వారమే వాన వెలిశాక, పాటిమన్ను చల్లిన చేలో తాత కాలికింద మెరిసింది. చేతిలోకి తీసుకుని తుడిచి చూస్తే ఆడమనిషి తల. మెడ వెనక కొప్పు ముడి. తాత అక్కడే కూలబడిపోయాడట.

"అదే ముక్కు. అచ్చం మీ నాయనమ్మ అక్క ముక్కే. నడిసి వచ్చినట్టు వచ్చింది పొల్లా" అనేవాడు నాతో.

సూర్యాపేటలో కంసాలి చేత పైన చిన్న కొక్కెం అతికించి మెడలో వేశారు. జ్వరం తగ్గింది. జ్వరం దానంతట అది తగ్గే రోజు వచ్చి తగ్గిందని నేను ఇప్పుడు అనగలను. అప్పుడు ఆ ఇంట్లో ఎవరూ అలా అనుకోలేదు.

బాపు నాయనమ్మను చిన్నమ్మా అని పిలిచేవాడు. సవతి తల్లిని మా వైపు అలాగే పిలుస్తారు. ఆమె చేతి బువ్వ తిని పెరిగాడు, ఆమె అరిస్తే ఇంత వయసొచ్చినా తల దించుకునేవాడు. కానీ 'అమ్మా' అని మాత్రం బిళ్ళనే పిలిచేవాడు. సూర్యాపేట అంగడికి పొట్టేళ్లను తోలుకుపోయే పొద్దున నాయనమ్మ ముందు వంగి, బిళ్ళను కళ్లకు అద్దుకునేవాడు.

"అమ్మా, పోయొస్త. చిన్నమ్మా, పోయొస్త."

ఇద్దరికీ విడివిడిగా చెప్పేవాడు, ఆ వరసలోనే. తల్లికి ఫోటో లేదు, ఆమె వైపు అక్కచెల్లెళ్లు లేరు, పోలిక చూసుకునే మనుషులు ఊళ్లో లేరు. బాపుకు తల్లి ముఖమంటే ఆ బిళ్ళ ఒక్కటే.

ఆ నాట్ల కాలంలో మా ఊరికి ఒక సారు రావడం మొదలుపెట్టాడు. మిర్యాలగూడ కాలేజీలో చెబుతాడు, పుట్టింది కోదాడ దగ్గర. మాటల్లో 'అండి' వచ్చేది. అది వినడానికే పిల్లలం ఆయన వెనక తిరిగేవాళ్లం. మోతె దాకా బస్సులో వచ్చి, అక్కడ సైకిల్ కిరాయికి తీసుకుని, ప్యాంటు మడిచి, బురదలో దాన్ని మోసుకుంటూ వచ్చేవాడు. సైకిల్ ఆయన్ని మోయడం నేను చూడలేదు. సంచిలో ఒక భూతద్దం, మడిచే చిన్న త్రాసు, లక్క కడ్డీలు, పిప్పరమెంటు బిళ్ళలు. పాటిగడ్డ మీద దొరికిన పూస తెచ్చిస్తే ఒక పిప్పరమెంటు.

మేము రెండు రోజులు నిజమైన పూసలిచ్చాం. మూడోరోజు పగిలిన గాజుముక్కలను బూడిదతో రుద్ది, మట్టి పూసి తెచ్చాం. ఆయన అన్నీ తీసుకున్నాడు, అందరికీ పిప్పరమెంట్లు ఇచ్చాడు. మరుసటిసారి వచ్చినప్పుడు మా గాజుముక్కలన్నీ కాగితంలో కట్టి తెచ్చి, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చాడు.

"ఇది నీది. ఇది వాడిది. బూడిద బాగా పట్టించారు. పిప్పరమెంటు మీ కష్టానికి ఇచ్చాను, గాజుకు కాదు."

ఆ రోజు నుంచి నేను ఆయన మనిషినైపోయాను. త్రాసు పట్టుకోనిచ్చేవాడు. ముల్లు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూడాలని చెప్పేవాడు. "రెండు వేల ఏళ్లు" అని ఆయన అంటే, "రెండు వేలకు తక్కువా, ఎక్కువా?" అని అడిగేదాన్ని. కోపగించుకునేవాడు కాదు, కూర్చుని లెక్క చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుని ఆయన మా ఇంట్లో ఆగిపోయాడు. బాపు గడపలో కూర్చుని తాడు పేనుతున్నాడు. తాత నులకమంచం మీద ఉన్నాడు. నాయనమ్మ సారుకు గటుక వడ్డించడానికి వంగింది. బిళ్ళ పైటలోంచి జారి వేలాడింది. సారు చెయ్యి కంచం మీదే ఆగిపోయింది.

"అమ్మా, మెడలో అదేమిటండి?"

నాయనమ్మకు ఎక్కడలేని సంబరం. ఊరి బయటివాళ్లు అడిగింది అదే మొదలు.

"మా అక్క సారూ. నా మెడల ఉంటది. సూడు, సూడు. జర దగ్గరికి రా."

సారు ఎంగిలి చెయ్యి కడుక్కుని, మోకాళ్ల మీద కూర్చుని, బిళ్ళ మెడలో ఉండగానే భూతద్దం పెట్టాడు. అటూ ఇటూ వంగి ఏవో అక్షరాలు కూడబలుక్కున్నాడు. తరువాత ఒక్కసారి పసిపిల్లవాడిలా నవ్వాడు.

"అమ్మా! ఇది రోము దేశపు నాణెం అండి! అక్కడి చక్రవర్తిది. ఇదిగో, గుండ్రంగా ఈ అక్షరాలు ఆయన పేరే. ఎన్ని ఊళ్లు తిరిగాను దీనికోసం!"

నాయనమ్మ కూడా నవ్వింది, అర్థం కాక. "చక్రవర్తి ఏంది సారూ? గామె మా అక్క. ఆడమనిషి."

"కాదండి, మగవాడే. గడ్డం గీసుకున్నాడంతే. తలమీద ఉన్నవి పువ్వులు కావు, ఆకుల దండ. రాజుకు గుర్తు. మెడ వెనక ముడి ఆ దండ కొసలండి, కొప్పు కాదు."

ఆ సంతోషంలో ఆయన ఎవరి ముఖమూ చూడలేదు. నేను చూశాను. బాపు చేతిలో తాడు పురి విడిపోతోంది. తాత మంచం మీద గోడవైపు తిరిగాడు.

"మంచిగ సూసినవా సారూ?" అన్నాడు బాపు.

"సందేహమే లేదండి."

బాపు తాడు కింద పెట్టి, గొంగడి నెత్తిన వేసుకుని, ఆ వానలోనే గొర్రెల దొడ్డివైపు వెళ్లిపోయాడు.

సారుకు సంగతి అమ్మ చెప్పింది. ఆ బిళ్ళ ఎవరి పేరు మీదిదో, బాపు దాన్ని ఏమని పిలుస్తాడో. ఆయన ముఖం వాడిపోయింది. లక్క మీద ఆ నాణెం అచ్చు తీసుకోవాలని ప్రాణం పోతున్నట్టు చూశాడు గానీ, అడగలేదు. లక్క కడ్డీ సంచిలో పెట్టేసుకుని, "తొందరపడ్డానమ్మా" అని ఒక్క మాట అని, వాన తగ్గకుండానే సైకిల్ ఎత్తుకుని వెళ్లిపోయాడు. గటుక కంచంలోనే ఉండిపోయింది.

ఊరికి తెలియడానికి ఒక పూట పట్టింది. వాగు దగ్గర ఆడవాళ్లు నాయనమ్మను ఆపి మరీ అడిగారు.

"ఏందత్తా, రాజును ఎదమీద ఏసుకొని తిరుగుతున్నవంట?"

"అవునే. మీ మామకు చెప్పకుండ్రి, ఈ వయసుల ఇడుపు కాయితం రాసిస్తడు" అని నాయనమ్మ వాళ్లను నవ్వించింది. తిరిగి వచ్చే దారిలో మాత్రం బిళ్ళను జాకెట్టు లోపలికి వేసుకుని, నాతో మెల్లగా అన్నది. "గిన్నేండ్లు పరాయి మొగోనికి బొట్టు పెట్టిన్నా బిడ్డా? మా అక్క ఏడ ఉన్నదే మరి?"

అంగడి రోజు వచ్చింది. బాపు పొట్టేళ్లను తోలుకుని గడప దగ్గరికి వచ్చాడు. నాయనమ్మ అలవాటుగా పైట జరిపి నిలబడింది. బాపు తల ఎత్తలేదు.

"చిన్నమ్మా, పోయొస్త."

ఒక్కరికే చెప్పి వెళ్లిపోయాడు. నాయనమ్మ బిళ్ళ చేత్తో పట్టుకుని, పొట్టేళ్ల గిట్టల చప్పుడు వినబడినంతసేపూ అక్కడే నిలబడింది. సాయంత్రం వచ్చాక బాపు అన్న మాట ఇంకా గట్టిగా తగిలింది. "గా సారుకిచ్చెయ్ చిన్నమ్మా దాన్ని. ఎవల రాజో, ఎవల నాణెమో. మనకెందుకు?"

మరుసటి పొద్దున నాయనమ్మ నా జడ గట్టిగా వేసి, "పా, మిర్యాలగూడ పోదాం" అన్నది. ఇచ్చేయడానికే అనుకుని నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఇచ్చుడు కాదే. అడిగేదున్నది."

సూర్యాపేటలో బస్సు మారి వెళ్లాం. మిర్యాలగూడలో దిగేసరికి ఉడికిన వడ్ల వాసన ముక్కులకు కొట్టింది. రైసుమిల్లుల ఊక గాలిలో ఎగిరి కళ్లలో పడుతోంది. కాలేజీ సారు ఇల్లు అడుగుతూ అడుగుతూ పట్టుకున్నాం. మమ్మల్ని చూసి సారు చెప్పులు లేకుండానే వాకిట్లోకి వచ్చాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. నాయనమ్మ ఒక గుక్క తాగి, "మందు లెక్కున్నది తల్లీ" అని గ్లాసు నాకు జరిపింది.

తరువాత సూటిగా అడిగింది.

"సారూ, ముందల రాజన్నవు. సరే. యెనకాల కూసున్నామె ఎవరు?"

సారు తెల్లబోయాడు. ఆ రోజు ఆయన ముందువైపే చూశాడు. వెనకవైపు మెడకు రాసుకున్న పసుపు పట్టి ఉండేది.

"వెనకాల ఎవరో కూర్చున్నారని మీకెలా తెలుసండి?"

"ఎండకాలం చెమటకు ఎదకు అంటుకుంటది. తీస్తె గుర్తు పడతది. కుర్సీ గుర్తు, మనిషి గుర్తు. గిన్నేండ్లు మోసినదాన్ని, నాకు తెల్వదా? ముందల ఉన్నది అక్క ముఖం, యెనకాల ఉన్నది అక్క కూసున్నది అనుకున్న."

సారు భార్య కుంకుడుకాయ రసం తెచ్చింది. నాయనమ్మ తాడు మెడలోంచి తీయలేదు. ముందుకు వంగి కూర్చుంటే, సారు మెత్తని గుడ్డతో వెనకవైపు తుడిచాడు. పసుపు కరిగి కారింది. అడుగు నుంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. కుర్చీ మీద పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత పొడుగాటి కర్ర, ఒక చేత కొమ్మ. ముక్కు, కాళ్ల దగ్గరి చీర మడతల్లాంటి మడతలు, అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. వెనకవైపు ఎవరి వేలూ తగలలేదు కదా.

"ఈమె నిజంగానే ఆడమనిషేనా? మళ్ల మొగోడంటవా?" అన్నది నాయనమ్మ.

"ఆడమనిషేనండి."

"ఎవరు?"

సారు చేతిలో గుడ్డ మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు. ఆయన అబద్ధం చెప్పి మమ్మల్ని సంతోషపెట్టి పంపవచ్చు. ఆ ఇంట్లో ఆ పూట అది ఎంత తేలికో నాకు ఇప్పుడు అర్థమవుతుంది.

"పేరు రాసి లేదమ్మా. శాంతిదేవత అంటారు కొందరు. ఆ రాజుగారి తల్లి అని చాలామంది అంటారు. నాకు ఖాయంగా తెలియదండి."

"తల్లా?"

"అంటారండి. తెలియదు."

నాయనమ్మ బిళ్ళను చేతిలో అటు తిప్పింది, ఇటు తిప్పింది. "కొడుకు బయటికి, తల్లి లోపటికి" అని తనలో తాను అనుకుంది. తరువాత, "గా లక్క తియ్యి సారూ. ఆనాడు అడగలేకపోయినవ్, నీ మొఖం సూసిన. రెండు దిక్కుల అచ్చు తీస్కో" అన్నది. సారు రెండువైపులవీ రెండు జతల అచ్చులు తీశాడు. రెండో జత నా చేతిలో పెట్టాడు. నా పెట్టెలో మొదటివి అవే.

సాయంత్రం ఇంటికి చేరాక, బాపు కాళ్లు కడుక్కుని వచ్చేదాకా ఆగి, నాయనమ్మ చెప్పింది. విని బాపు తల అడ్డంగా ఊపాడు.

"గా రాజు తల్లి నాకేమైతది చిన్నమ్మా? నా తల్లి కావాలె నాకు."

అని తాత మంచం దగ్గరికి పోయి కింద కూర్చున్నాడు.

"నాయినా, నువ్వొక్కనివే సూసినవ్ ఆమెను. ఒక్కటి చెప్పు. అమ్మ గిట్లనే ఉండెనా? ముక్కు గదే అన్నవు కద."

తాత చాలాసేపు గొంగడి పోగులు పీకుతూ ఉన్నాడు.

"అన్న. అబద్ధమాడలే, నాకు గట్లనే అనిపించింది. మీ అమ్మ పోయినంక కొన్నొద్దులు కండ్లు మూస్తె కనవడేది. తర్వాత ముఖం పలుసనైతా వచ్చింది. నాకు భయమైందిరా. గప్పుడు గిది దొరికింది. నువ్వు అమ్మేది, అమ్మేది అని ఏడుస్తుంటె గిదే సూపెట్టిన. సూపెట్టంగ సూపెట్టంగ నాకూ గిదే ఉండిపోయింది. ఇప్పుడు ఆమెను తలుసుకుంటె గీ రాజు మొఖమే వస్తది. అసలుది రాదు. ఎంత తండ్లాడినా రాదు."

తాత ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చప్పుడు లేదు, చెవుల వైపు నీళ్లు కారాయి. బాపు ఇంకా దగ్గరికి జరిగాడు. తాత కాళ్ల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. వాకిట్లో గొర్రెపిల్ల ఒకటి తల్లికోసం అరుస్తోంది, అమ్మ వెళ్లి దాన్ని విప్పింది. నాయనమ్మే చివరికి లేచింది.

"అన్నం సల్లారుతంది. లేవుండ్రి ఇగ."

తరువాతి అంగడి రోజు పొట్టేళ్లను బాపు వేరేవాళ్లతో పంపేశాడు. తాను తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"చిన్నమ్మా, మంచి సీర కట్టుకో. సూర్యాపేట పోదాం."

"నాకేమైందిరా? దవాఖానెందుకు?"

"దవాఖాన కాదు. ఫోటో దిగాలె నువ్వు."

"ఓయమ్మ! ఫోటో దిగితె ఆయువు తగ్గుతదంటరు. సచ్చినోళ్లకు తియ్యాలె గవన్ని."

"సచ్చినంక తీస్తె ఏం లాభం? గీ పొల్ల నిన్ను యాది పెట్టుకోవాలంటె ఏం సూడాలె? మళ్ల ఏ రాజును సూపెట్టాలె నేను?"

నాయనమ్మ పెట్టె తెరిచింది. జరీ అంచు చీర తీసి, ముందు బిళ్ళకు తాకించి, కట్టుకుంది.

నన్నూ వెంట తీసుకుపోయారు. బజారు వెనక సందులో స్టూడియో. లోపల ఏదో మందు వాసన, మొఖానికి రాసే పౌడరు వాసన. తెర మీద పూలతోట, మెట్లు, ఎవరూ చూడని కొలను రంగులతో వేసి ఉన్నాయి. నాయనమ్మను కుర్చీ మీద పక్కకు తిరిగి కూర్చోబెట్టారు. దీపాలు వెలిగించగానే ఆమె బిళ్ళను రెండు వేళ్లతో పట్టుకుని వెనకవైపు బయటికి తిప్పింది. ఊరికే తిప్పి వదిలేస్తే ఆ కూర్చున్నామె తలకిందులుగా వేలాడుతుంది. ముందువైపుకు వెనకవైపు తలకిందులుగా అచ్చయి ఉంది. అందుకని నిలువుగా పట్టుకునే కూర్చుంది.

"చెయ్యి దించు అవ్వా, మెడకు అడ్డమొస్తంది" అన్నాడు ఫోటోలు తీసేటాయన.

"దించ. మా అక్కను గూడ పడనియ్యి."

ఆయన బాపువైపు చూశాడు. "పడనియ్యి" అన్నాడు బాపు కూడా.

బయటికి వచ్చాక ఆయన కవరు తీసి, పెన్సిలు చెవి మీద నుంచి అందుకున్నాడు. "ఏం పేరు రాయాలె?"

"అమ్మ అని రాయి" అన్నాడు బాపు.

నాయనమ్మ అటు తిరిగి చెప్పులు వెతుక్కుంటోంది. వెతకడం ఆపింది.

"గట్ల రాస్తె ఎట్ల? గీ పేటల ఎంతమంది అమ్మలు! అండ్ల ఏది నీదో ఎట్ల దొరుకుతది?" అన్నాడు ఫోటోలు తీసేటాయన.

"రాయి. నేను గుర్తువడత."

ఇంటికి వచ్చాక మళ్లీ చిన్నమ్మే. ఆమె ఉన్నన్నాళ్లూ ఎదురుగా బాపు ఆ పిలుపు మార్చలేదు. ఆమె కూడా మార్చమనలేదు. బిళ్ళ ఎప్పటిలాగే వేసుకుంది. గారెలు ఎప్పటిలాగే చూపింది. అయితే బొట్టు మాత్రం వెనకవైపు పెట్టేది. తాత పోయాక, ఆమె కూడా పోయాక, బాపు ఆ నాణేన్ని సారుతో కలిసి హైదరాబాదు తీసుకెళ్లి మ్యూజియం వాళ్లకు అప్పగించి వచ్చాడు. ఇలాంటివి సర్కారుకు చేరాలని సారు మొదటినుంచీ చెబుతూ ఉండేవాడు. ఆ వెనకామె రాజు తల్లి అవునో కాదో, ఇంత పని చేశాక, ఇన్ని పుస్తకాలు చూశాక కూడా నేను ఖాయంగా చెప్పలేను. చెప్పను.

ఫోటో నా గదిలో ఉంది. స్టూడియో దీపం వెలుగు సూటిగా బంగారం మీద పడింది. నాయనమ్మ వేళ్ల మధ్య ఒక తెల్లటి చుక్క తప్ప ఏమీ లేదు. రాజూ లేడు, కుర్చీలో కూర్చున్నామె కూడా లేదు. మా బాపు తల్లి సరే సరి. నాయనమ్మ ముఖం మాత్రం ఉంది. పెదవి పక్క పుట్టుమచ్చ, ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు, నవ్వు ఆపుకుంటున్న బుగ్గ, ఏదీ పోలేదు.